పదకొండుసార్లు లేచిన మడమ

మా అత్తగారు బతికున్న రోజుల్లో, నరసాపురంలో ఎవరైనా మీ అల్లుడేం చేస్తాడని అడిగితే "అమెరికాలో కాళ్ళు పడతాడు" అని చెప్పేది. అందులో వెటకారం ఏమీ లేదు. ఆవిడకి అర్థమైనది అదే, నిజం కూడా అదే. ఈ దేశంలో ఇరవై రెండేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. అందులో చివరి పదిహేనేళ్ళు నార్త్ కరోలినాలో ఒక చిన్న సాకర్ క్లబ్బులో. పోయిన వేసవిలో మానేశాను. మానేసినందుకు బాధేమీ లేదు. రెండు బొటనవేళ్ళ కీళ్ళూ అరిగిపోయాయి. పొద్దున్నే కాఫీ సీసా మూత తిప్పాలంటే మా ఆవిడ సువర్ణని పిలవాలి.

ఈ మధ్య కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన ఫిజియో అమ్మాయి ఒకతె చర్చిలో కలిసింది. "అంకుల్, నర్సింగ్ హోమ్ డ్యూటీ బోర్ కొడుతోంది, స్పోర్ట్స్ సైడ్ ఎలా ఉంటుంది?" అని అడిగింది. కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకని రాస్తున్నాను. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి, జీతం ఎంత అడగాలి లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరినడిగినా చెబుతారు.

పని అంటే ఇదీ

మేముండే మోరిస్‌విల్‌లో మనవాళ్ళ పార్టీకి వెళితే మొదటి ప్రశ్న ఏ కంపెనీ అని, రెండోది ఏ టెక్నాలజీ అని. నేను ఆటగాళ్ళ కాళ్ళు చూస్తానని చెబితే మూడో ప్రశ్న ఉండేది కాదు. తర్వాత ఒకాయన ప్లేటు పక్కన పెట్టి, ఇక్కడ పట్టేస్తోందండీ అంటూ చొక్కా కాలరు కిందికి లాగేవాడు. ఆయన వెనక ఇంకొకాయన నడుము పట్టుకుని నిలబడేవాడు. బిర్యానీ చల్లారేలోగా నలుగురిని చూసి పంపేవాణ్ణి. ఆ పార్టీల్లో ఏనాడూ నేను వేడిగా తినలేదు.

క్లబ్బులో పని కూడా బయటికి కనిపించేంత సొగసుగా ఉండదు. బ్యాగు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తడం వారానికి రెండు నిమిషాలు. మిగతాదంతా టేపు చుట్టడం, తొట్లలో ఐసు నింపడం, బూట్లు ఒరుసుకున్న పాదాలు చూడటం, బస్సులో ఎనిమిదేసి గంటలు కూర్చుని వేరే ఊరు వెళ్ళి రావడం. అన్నిటికంటే పెద్ద పని అబద్ధాలు వినడం. నొప్పి లేదన్నవాడికి నొప్పి ఉంటుంది. నొప్పి ఉందన్నవాడికి కోచ్‌తో గొడవ ఉంటుంది. మొదటి రెండేళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే.

డోనా మెట్లు

నాకు పని నేర్పింది డోనా. కొండ ప్రాంతం నుంచి వచ్చిన అరవయ్యేళ్ళ మనిషి. క్లబ్బులో ఆటగాళ్ళ ఆరోగ్యం అంతా ఆవిడ చేతిలో ఉండేది. మా గది కింది అంతస్తులో. రోజూ పొద్దున్నే ఆటగాళ్ళు మెట్లు దిగి వచ్చే వేళకి డోనా కాఫీ పట్టుకుని మెట్ల వైపు వీపు పెట్టి నిలబడేది. ఎవరినీ చూసేది కాదు, పలకరించేది కూడా కాదు. అందరూ దిగాక, ఫలానావాడికి కుడి మోకాలు, ఫలానావాడికి పాదం అని నాకు చెప్పేది. మెట్లు దిగేటప్పుడు ఎవడూ నటించలేడని ఆవిడ నమ్మకం. నన్ను నెల రోజులు అలాగే నిలబెట్టింది. నెల తిరిగేసరికి అడుగుల చప్పుడు బట్టి నాక్కూడా తెలిసేది.

ఆవిడ పెట్టిన నియమాలు రెండే. నొప్పి ఉందా అని ఆటగాణ్ణి అడగకు, లెక్కపెట్టు. లెక్కపెట్టింది ఉన్నదున్నట్టు రాయి.

లెక్కపెట్టడం అంటే, ఉదాహరణకి మడమ పరీక్ష. మడమ వెనక తాడులా తగిలేదాన్ని మనవాళ్ళు నరం అంటారు. అది నరం కాదు, పిక్క కండని మడమకి కట్టే కట్టు. అది దెబ్బతిందో లేదో చూడాలంటే ఆటగాడు ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా రెండు వేళ్ళు గోడకి ఆనించి, మడమ ఎత్తి దించుతూ ఉండాలి. మంచి కాలు ఇరవై అయిదుసార్లు లేస్తుంది. ఇరవైకి తగ్గితే ఆ వారం ఆట లేదు. అది డోనా గీసిన గీత.

ఒకసారి మా గోల్‌కీపర్ తల ఇంకొకడి మోకాలికి తగిలింది. లేచి బాగానే ఉన్నానన్నాడు. తల అదిరిందో లేదో చూడటానికి డోనా నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే ఆగస్టు దగ్గర ఆగిపోయాడు. కోచ్ వాణ్ణి మళ్ళీ దింపుతానన్నాడు. డోనా ఏమీ వాదించలేదు. వాడి గ్లవ్స్ తీసి ఐసు పెట్టెలో అడుగున పడేసి, మూత వేసి, దాని మీద కూర్చుంది. ఆ కీపర్ ఏడాదిపాటు ఆవిడతో మాట్లాడలేదు. అయినా తన పెళ్ళికి మాత్రం ఆవిడకి ముందు వరసలో కుర్చీ వేయించాడు. ఆ రోజు నేను నవ్వుకున్నాను. పెట్టె మీద కూర్చోవడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

నీల్దో కాలు

డోనా రిటైరయ్యాక ఆ గది నాది అయింది. ఆ తర్వాత రెండో ఏడు నీల్దో వచ్చాడు. బ్రెజిల్ ఈశాన్యంలో వానలు పడని ఒక ఊరి మనిషి. ముప్పై రెండేళ్ళు, ఎడమకాలి ఆట, మైదానం మధ్యలో ఆడతాడు. నడిస్తే సరిపోయేచోట ఎప్పుడూ పరిగెత్తేవాడు కాదు. బంతి తన దగ్గరికి రాకముందే ఎవరికివ్వాలో అతనికి తెలిసి ఉండేది. వైద్యం కోసం బల్ల ఎక్కే ముందు పాదాలు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని వచ్చేవాడు. పదిహేనేళ్ళలో అలా వచ్చినవాడు అతనొక్కడే. నన్ను డాక్ అని పిలిచేవాడు. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఒక ఆటగాడు ఏయే క్లబ్బుల్లో ఆడాడో కాగితం మీద చూస్తే పేర్లు తప్ప ఏమీ ఉండదు. కాలు చూస్తే తెలుస్తుంది. అతని కుడి మోకాలి కింద వంకర కుట్టు ఉంది. అది మూడో క్లబ్బు. మట్టి గట్టిపడిపోయిన మైదానం, ఆ ఊళ్ళో ఆ రోజు దొరికిన వైద్యుడు పళ్ళ డాక్టరు, ఆయనే కుట్టాడట. ఎడమ చీలమండ పక్కన ఎముక పెరిగి బొడిపె కట్టింది. అది పోర్చుగల్లో రెండు సీజన్లు వానలో ఆడినందుకు. అక్కడ ఉండగానే తనని ఇంకో క్లబ్బుకి అప్పిచ్చేశారన్న సంగతి బట్టలు ఉతికే ఆయన చెబితే తెలిసిందట. ముంగాలి మీద నొక్కు గల్ఫ్‌లో ఒక సీజన్.

మొదట్లో ఊరి క్లబ్బులో కాంట్రాక్టు మూడు నాలుగు నెలలే. రాష్ట్రం పోటీలు అయిపోతే క్లబ్బు కూడా అయిపోయినట్టే. మిగతా నెలలు బావమరిది దగ్గర పెంకులు మోశాడు. మళ్ళీ పోటీలు వచ్చేసరికి ఇంకో క్లబ్బు, ఇంకో చొక్కా. మన కన్సల్టెన్సీ కుర్రాళ్ళ ప్రాజెక్టులూ, మధ్యలో పనిలేక కూర్చునే బెంచీ గుర్తొచ్చి అదే చెప్పాను. అతనికి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది గానీ, అర్థమయ్యాక చాలాసేపు నవ్వాడు. మాది అతని పదకొండో క్లబ్బు. ఇక్కడే ఆగిపోవాలని అతని కోరిక. భార్య లూసియాకి ఈ ఊరు నచ్చింది. కూతురు రెండో తరగతి చదువుతోంది, ఇంట్లో కూడా ఇంగ్లీషులో జవాబిస్తోందని గర్వంగా ఫిర్యాదు చేసేవాడు.

ఆ గురువారం

సీజన్లో ఇంకా మూడు మ్యాచ్‌లు ఉన్నాయి. నీల్దో కాంట్రాక్టు ఆ సీజన్‌తో అయిపోతుంది. ఆ మూడు మ్యాచ్‌లూ ఆడితే ఇంకో రెండేళ్ళు పెట్టుకుంటానని కోచ్ చెప్పాడు. గాయం జాబితాలో ఉన్నవాడికి కాంట్రాక్టు ఇమ్మని పైవాళ్ళని అడగలేనని కూడా చెప్పాడు. కోచ్‌ని నేను తప్పుపట్టను. కోచ్‌కి ఒకే ప్రశ్న ఉంటుంది: ఆడగలడా, ఆడలేడా. కాంట్రాక్టు పోతే నీల్దో వీసా పోతుంది. అరవై రోజుల్లో ముగ్గురూ దేశం వదలాలి.

గురువారం పొద్దున్న అతను మెట్లు దిగిన చప్పుడు బాగాలేదు. పాదాలు కడుక్కోలేదు. మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని వచ్చి బల్ల మీద కూర్చుని, మా అబ్బాయి చదువు గురించి అడుగుతున్నాడు. ఎడమ మేజోడు నేనే విప్పాను. మడమ వెనక బొటనవేలితో నొక్కితే కట్టు ఉబ్బి, వేడిగా ఉంది. అతని మొహంలో ఏమీ మారలేదు. పక్కనున్న గుడ్డని మాత్రం పిడికిట్లో నలిపేశాడు.

గోడ దగ్గర నిలబెట్టాను. కుడికాలు ఇరవై అయిదు. ఎడమకాలు ఏడు దగ్గర వణకడం మొదలైంది. తొమ్మిదికి నడుము పక్కకి ఎత్తి సాయం తెచ్చుకుంటున్నాడు. పదకొండుకి రెండు వేళ్ళు కాదు, మొత్తం అరచెయ్యి గోడ మీద ఉంది. పన్నెండోది లేవలేదు.

అతను వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

నా కళ్ళకి కనిపించింది నీల్దో కాదు. క్లబ్బుకి రాకముందు నేను పనిచేసే క్లినిక్ అమ్ముడుపోయిన వారం గుర్తొచ్చింది. అప్పట్లో ఆ అరవై రోజులు కూడా లేవు. ఉద్యోగం పోయిన రోజునే వీసా పోయినట్టు. సువర్ణ ఎవరికీ చెప్పకుండా రైస్ కుక్కర్ పక్కింటి వాళ్ళకి ఇచ్చేసింది. వారంలో వేరే క్లినిక్ నా వీసాకి పిటిషన్ వేసింది, మళ్ళీ అదే కుక్కర్ కొనుక్కున్నాం. ఆ వారం పట్టుకున్న భయం, పన్నెండేళ్ళు ఎదురుచూసి గ్రీన్‌కార్డు తెచ్చుకున్నాక కూడా పోలేదు. ఆ కార్డు చేతిలో పడి అప్పటికి ఏడాదే అయింది.

డోనా అడగవద్దన్న ప్రశ్న అడిగాను. నొప్పి ఉందా అన్నాను. లేదన్నాడు. ఆ అబద్ధం నాకు కావలసి వచ్చింది, అందుకే అడిగాను.

షీట్ మీద ఎడమకాలు ఎదురుగా ఇరవై రెండు అని రాశాను. ఇరవై అని రాస్తే అనుమానం వస్తుందనే తెలివి కూడా నాకు ఆ క్షణంలో ఉంది. వారానికొకసారి వచ్చే డాక్టరుగారు నేను రాసింది చూసి సంతకం పెట్టారు. పదేళ్ళుగా నా షీట్ మీద ఆయన రెండో ప్రశ్న వేయలేదు.

శనివారం, తర్వాత

రెండో సగం మొదలైన కాసేపటికి నీల్దో ఉన్నట్టుండి ఆగి, తనని వెనక నుంచి ఎవరు తన్నారా అని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మడమ కట్టు తెగినప్పుడు అందరికీ అలాగే అనిపిస్తుంది. రిఫరీ ఈల వేయకముందే నాకు తెలిసిపోయింది. వెళ్ళి పిక్క నొక్కితే పాదం కదలాలి. కదలలేదు. అతను పాదం వంక చూడటం లేదు, నా మొహం వంక చూస్తున్నాడు.

ఆపరేషన్ చేశారు. క్లబ్బు కాంట్రాక్టు ఇవ్వలేదు. అరవై రోజుల్లో చాలా భాగం ఊతకర్రల మీదే గడిచిపోయింది. ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేసి దింపాను. పాప స్కూలు బ్యాగు తగిలించుకునే వచ్చింది. లూసియా నా చెయ్యి పట్టుకుని, మీరు మాకోసం చాలా చేశారని రెండుసార్లు అంది. తిరిగి వస్తూ హైవే పక్కన కారాపి కూర్చుండిపోయాను.

ఇంకో పది రోజులకి వేరే రాష్ట్రం క్లబ్బులో నాలాంటి పని చేసేవాడు ఫోన్ చేశాడు. నీల్దోని వాళ్ళు తీసుకుందామని అనుకుంటున్నారట, మడమ కట్టు తెగిందని అప్పుడే తెలిసిందట. ఆరు వారాలు రెస్ట్ కావాలని చెప్పి ఉంటే మేం ఆగేవాళ్ళం కదా అన్నాడు.

నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆటలో కట్లు తెగుతూనే ఉంటాయి. మన వృత్తిలో దొంగతనం కంటే దయతో చేసిన తప్పు సులభంగా దాగుతుందని నాకు అప్పుడు తెలిసింది. పైగా అది దయ అని కూడా ఇప్పుడు అనుకోను. నా పాత భయానికి నేను వైద్యం చేసుకున్నాను, అతని కాలు వాడుకుని.

నీల్దో బ్రెజిల్లో ఇంకో రెండు క్లబ్బులకి ఆడాడు, ఒక్కోచోట ఒక్కో పోటీ. చివరిదానిలో ఆఖరి పది నిమిషాలకి దింపేవారట. మొత్తం పదమూడు. నాలుగేళ్ళ కిందట ఇక్కడి పిల్లల అకాడమీ ఒకటి కోచ్‌గా వీసా ఇప్పించి వెనక్కి తీసుకొచ్చింది. అతని జట్టులో సగం మంది మన తెలుగు పిల్లలే. గట్టు మీద నుంచి "లే, లే, పరిగెత్తు" అని కేకలు వేయడం నేర్చుకున్నాడు. కాస్త కుంటుతాడు. అది గమనించేవాళ్ళు తక్కువ.

సాక్ష్యం

నేను రిటైరైన తర్వాతి ఆదివారం పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పమన్నారు. మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం పూట, ఒక అమెరికన్ చర్చి అద్దెకిచ్చిన హాల్లో జరుగుతుంది. పరీక్ష పాసైనా, గ్రీన్‌కార్డు వచ్చినా, ఆపరేషన్ అయినా లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం మా అలవాటు. భోజనాలకి ఆ రోజు పిల్లల కోచ్‌ని కూడా పిలిచారు. నీల్దో, లూసియా ఆఖరి వరసలో కూర్చున్నారు.

నేను దాచకుండా చెప్పాను. పదకొండు, ఇరవై రెండు, అన్నీ చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు. నేను ఆగినచోటల్లా అందరూ స్తోత్రం అన్నారు. చివర్లో పాస్టర్‌గారు దేవుడు క్షమించే దేవుడని చెప్పి, హల్లెలూయా అన్నారు. హాలంతా హల్లెలూయా అంది. ఆ ఒక్క మాట వాళ్ళ భాషలోనూ ఉంది కనక, ఆఖరి వరసలో నీల్దో కూడా చెయ్యెత్తి అందరికంటే గట్టిగా అన్నాడు.

భోజనాల వరసలో సువర్ణ నా ప్లేటులో పప్పు వేస్తోంది. బాగా చెప్పారంటుందేమో అనుకున్నాను.

"ఆయనకి తెలియని భాషలో చెప్పేసి, అందరిచేత స్తోత్రం చెప్పించుకున్నారు" అంది, గరిటె ఆపకుండా. "ప్లేటు ఇక్కడ పెట్టి వెళ్ళండి."

వెళ్ళాను. నీల్దో పార్కింగ్‌లో కారు వెనక బంతుల సంచీ సర్దుతున్నాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువువే. అయినా ఆ రోజు తడబడలేదు. గురువారం జరిగింది మొదటి నుంచి చెప్పాను. అతను బంతి ఒకటి పట్టుకుని పూర్తిగా విన్నాడు.

"ఎన్ని చేశాను?" అని అడిగాడు.

"పదకొండు."

"నేనూ లెక్కపెట్టుకున్నాను, డాక్. పదకొండే" అన్నాడు. "నేను కాదనలేను. లూసియా ఉంది, పాప ఉంది. కాదని చెప్పగలిగింది మీరొక్కరే. వెనక్కి తిరిగి మీ వైపు చూశాను కదా. చెబుతారని చూశాను."

అమ్మాయ్, నువ్వు అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. నొప్పి లేదని వాళ్ళు నీతో అనేది, నువ్వు నమ్ముతావని కాదు.

క్షమించమని అడుగుదామనుకున్నాను. అతను ఆ అవకాశం ఇవ్వలేదు. బంతి సంచీలో పడేసి, ఎడమకాలి బూటు విడిచి, మేజోడు తీసేశాడు. పిక్క కుడిదానిలో సగమే ఉంది. కారు పైకప్పు మీద రెండు వేళ్ళు ఆనించి, ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"కౌంట్" అన్నాడు.

మడమ లేచింది. ఒకటి అన్నాను. నాలుగు దగ్గర వణికింది. అయిదు దగ్గర నడుము ఎత్తాడు. ఏడోదాని కోసం అతను చాలాసేపు ప్రయత్నించాడు. మడమ నేల వదలలేదు.

ఆరు అని పైకే చెప్పాను.